చిన్న, మధ్యతరహా సంస్థల్లో నెల రోజుల్లో టెక్నాలజీని మెరుగుపరచడం ఎలా?

కంప్యూటర్లు నత్తనడక నడుస్తాయి, వైఫై మాటిమాటికీ తెగిపోతుంది, ఒకే ఆర్డరును మూడుచోట్ల రాయాల్సి వస్తుంది. ఇలాంటప్పుడు చాలా సంస్థలు ముందుగా కొత్త సాఫ్ట్‌వేర్ కొంటాయి. నొప్పి ఒకచోట ఉంటే మందు మరోచోట రాసినట్టవుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా అది నడవాల్సింది అదే పాత కంప్యూటర్ మీద, అదే వైఫై మీద. అయిదు నుంచి యాభై మంది దాకా పనిచేసే చోట త్వరగా ఫలితమిచ్చే మార్పులు దాదాపు అన్నీ ఒకే కోవకు చెందుతాయి: మనిషి కంప్యూటర్ ముందు ఊరికే కూర్చునే సమయాన్ని తగ్గించేవి. కొత్తవి చేర్చడం ఆ తర్వాతి సంగతి.

కింది పనులను ఇచ్చిన వరుసలోనే చేయండి. బ్యాకప్ పూర్తికాకుండా ఒక్క మెషీన్ కూడా విప్పొద్దు.

1. సమయం ఎక్కడ పోతోందో రాయించండి (మొదటి వారం)

ప్రతి ఒక్కరి టేబుల్ మీద ఒక కాగితం పెట్టండి. అయిదు పనిదినాల పాటు, ఒక నిమిషం కంటే ఎక్కువసేపు ఆగాల్సి వచ్చిన ప్రతిసారీ మూడే ముక్కలు రాయాలి: ఎన్ని గంటలకు, దేనికోసం, ఎన్ని నిమిషాలు. "10:20, బిల్లింగ్ తెరుచుకోలేదు, 4 నిమిషాలు." అంతే. ఇది మనుషుల మీద నిఘా కాదని, మెషీన్ల మీద ఫిర్యాదుల పుస్తకమని ముందే చెప్పండి. లేకపోతే ఎవరూ నిజం రాయరు.

వారం చివర కూడండి. 12 మంది రోజుకు 20 నిమిషాలు చొప్పున పోగొట్టుకుంటే అది రోజుకు 4 గంటలు, 25 పనిదినాల నెలకు 100 గంటలు. ఏ పనికి ఎంత ఖర్చు పెట్టవచ్చో ఈ అంకె చెబుతుంది. దాన్ని జాగ్రత్తగా దాచండి, చివర్లో మళ్లీ కావాలి.

అదే వారంలో ఒక షీట్‌లో ఉన్న మెషీన్లన్నీ ఎక్కించండి: ఎవరు వాడుతున్నారు, మోడల్, ప్రాసెసర్, ర్యామ్ (మెమరీ) ఎంత, డిస్క్ హార్డ్ డిస్కా ఎస్ఎస్‌డీయా (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్), విండోస్ ఏ వెర్షన్, ఏ ఏడాది కొన్నది. రౌటర్లు, నెట్‌వర్క్ స్విచ్‌లు (కేబుళ్లను కలిపే పెట్టెలు), ప్రింటర్లు, యూపీఎస్‌లు కూడా రాయండి. యూపీఎస్ బ్యాటరీ మార్చిన తేదీ తప్పకుండా ఉండాలి. ఆ బ్యాటరీలు సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లకు చచ్చిపోతాయి, ఆ సంగతి కరెంటు పోయిన రోజునే తెలుస్తుంది. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్ బ్యాటరీ వైపు సాకెట్లకు తగిలించి ఉంటే అప్పుడే తీసేయండి. దాని లోపలి హీటర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

2. బ్యాకప్

పాత సూత్రమే ఇప్పటికీ సరైనది: మూడు కాపీలు, రెండు రకాల నిల్వల మీద, ఒకటి ఆఫీసు బయట. చిన్న సంస్థలో దీన్ని ఇలా అమర్చుకోవచ్చు. అసలు డేటా ఎలాగూ ఉంటుంది. ఒక కాపీ క్లౌడ్ బ్యాకప్‌లోకి రోజూ తనంతట తానే వెళ్లాలి. ఇంకొకటి బయటి డిస్క్ మీద. ఈ డిస్క్‌లు రెండు కొని వారం మార్చి వారం వాడండి. వాడని డిస్క్ ఆఫీసు బయట ఉండాలి. కాపీ అయిపోగానే డిస్క్ తీసేయాలి. తగిలించి వదిలేస్తే, ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) వచ్చిన రోజు కంప్యూటర్‌తో పాటు అదీ తాళం పడుతుంది.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే చోట్లు మూడు ఉన్నాయి. మొదటిది, ఫోల్డర్ క్లౌడ్‌తో సింక్ అవుతోంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అనుకోవడం. ఇక్కడ ఫైల్ చెరిగితే అక్కడా చెరుగుతుంది. పాత వెర్షన్లు ఎన్ని రోజులు ఉంటాయో సెట్టింగుల్లో చూసుకోండి. రెండోది, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగా దాని డేటా ఫోల్డర్‌ను కాపీ చేయడం. సగం రాసిన స్థితిలో ఉన్న డేటాబేస్ కాపీ అవుతుంది, తర్వాత తెరిస్తే తెరుచుకోదు. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే బ్యాకప్ మెనూ వాడండి, లేదా అందరూ బయటికి వచ్చాక కాపీ చేయండి.

మూడోది అన్నిటికన్నా పెద్దది: తిరిగి తెచ్చి చూడకపోవడం. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. రోజూ జరుగుతున్నాయనుకున్న బ్యాకప్‌లు, బ్యాకప్ ప్రోగ్రామ్‌కూ డేటాబేస్‌కూ వెర్షన్ తేడా వల్ల, అసలు జరగడమే లేదని అప్పుడు బయటపడింది. బ్యాకప్ విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా, సరైన ధ్రువీకరణ లేక, అవతలి సర్వర్ తిరస్కరించడంతో ఎవరికీ చేరలేదు. సుమారు ఆరు గంటల కిందట వేరే పనికోసం తీసిన కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. అంతటి సాంకేతిక సంస్థకే అలా జరిగింది. కాబట్టి ఇప్పుడే ఒక పాత బిల్లు, ఒక షీట్, ఒక పూర్తి అకౌంటింగ్ డేటా, ఈ మూడింటినీ బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి తెరిచి చూడండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మూడు నెలలకోసారి ఇదే పని మళ్లీ చేయాలి.

3. నెమ్మది కంప్యూటర్లు: ముందు కారణం తేల్చండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ దగ్గర 'అప్ టైమ్' చూడండి. రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేస్తున్నా అది 20 రోజులు చూపిస్తుంటే ఆశ్చర్యపోకండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు లోపలి భాగం పూర్తిగా ఆగదు, నిద్రపోయి లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే నిజంగా కొత్తగా మొదలవుతుంది. అందుకే కొలిచే ముందు ఒకసారి రీస్టార్ట్ చేయండి. కొన్ని ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

ఆ తర్వాత రోజూ వాడే ప్రోగ్రాములన్నీ తెరిచి, పని చేస్తుండగా డిస్క్, మెమరీ, సీపీయూ అనే మూడు గీతలు గమనించండి.

డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, సెకనుకు ఒకటి రెండు ఎంబీలే కదులుతూ, సీపీయూ మాత్రం ఖాళీగా ఉంటే దోషం హార్డ్ డిస్క్‌ది. తిరిగే పళ్లెం మీద సూది ఒకచోటి నుంచి మరోచోటికి జరగాలి కాబట్టి చిన్నచిన్న ఫైళ్లు చదవడంలో అది సెకనుకు వంద పనులు చేయడమే గొప్ప. ఎస్ఎస్‌డీ అదే సెకనులో వేల పనులు చేస్తుంది. పాత మెషీన్‌కు ప్రాణం పోసే మార్పు ఇదొక్కటే అన్నా తప్పులేదు.

మెమరీ 85 శాతం పైన నిలబడిపోతే ర్యామ్ చాలడం లేదు. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, ఒక పెద్ద షీట్, బిల్లింగ్ కలిపి వాడే మనిషికి 8 జీబీ ఇరుకు, 16 జీబీ హాయి. సీపీయూ 100 శాతం ఉంటే ఏ ప్రోగ్రామ్ తింటోందో ప్రాసెసెస్ ట్యాబ్‌లో చూడండి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడుస్తూ ఒకదాన్నొకటి తనిఖీ చేసుకుంటుండటం తరచూ దొరికే కారణం.

ఎస్ఎస్‌డీ మార్చే క్రమం:

1. మెషీన్ మాన్యువల్‌లో ఏ రకం పడుతుందో చూడండి: రెండున్నర అంగుళాల సాటా, లేదా ఎం.2. ఎం.2లో మళ్లీ సాటా, ఎన్‌వీఎంఈ అని రెండున్నాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ ఒకదాని స్లాట్‌లో మరొకటి పనిచేయకపోవచ్చు.
2. ఇప్పుడు నిండిన స్థలానికి కనీసం పాతిక శాతం ఎక్కువ ఉండే సైజు తీసుకోండి.
3. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద ప్రింట్ తీయండి. ఈ మెట్టు దాటేసినవాళ్లు తర్వాత తమ డేటా ముందే తాము నిలబడిపోతారు.
4. యూఎస్‌బీ అడాప్టర్‌తో కొత్త డిస్క్ తగిలించి, క్లోనింగ్ ప్రోగ్రామ్‌తో నకలు తీయండి. ఆరోగ్యంగా ఉన్న హార్డ్ డిస్క్ నుంచి 250 జీబీ రావడానికి గంట నుంచి రెండు గంటలు వేసుకోండి. అంతకు చాలా మించితే పాత డిస్క్ చెడిపోతోందని అనుమానించండి.
5. మెషీన్ ఆపి డిస్క్ మార్చండి. మొదటిసారి కొత్త డిస్క్ ఒక్కటే ఉంచి ఆన్ చేయాలి. రెండూ ఉంటే విండోస్ గందరగోళపడి పాతదాని నుంచే లేవవచ్చు.
6. పాత డిస్క్‌ను ముట్టుకోకుండా, పేరు రాసి రెండు వారాలు పక్కన పెట్టండి.

ర్యామ్ కొనేముందు ఇప్పుడున్నది డీడీఆర్3నా, 4నా, 5నా అన్నది చూడండి. గాట్లు వేరువేరు చోట్ల ఉంటాయి, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు.

ఏ మెషీన్ మీద డబ్బు పెట్టకూడదో కూడా తేల్చుకోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్ లేచే ఏర్పాటు), కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా పడుతుంది. అంతకంటే పాత మెషీన్‌కు ఎస్ఎస్‌డీ వేసి మురిసిపోయినా భద్రతా అప్‌డేట్లు మామూలుగా రావు. బ్రౌజర్ పని మాత్రమే చేసే మెషీన్ అయితే విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి మరికొన్నేళ్లు లాగవచ్చు. అప్‌డేట్ల విషయంలో అశ్రద్ధ వద్దు: వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ 2017 మే నెలలో లక్షల కంప్యూటర్లను పట్టేసింది, దాన్ని ఆపే అప్‌డేట్ మార్చి నెలలోనే వచ్చి ఉంది.

4. నెట్‌వర్క్

"నెట్ స్లో" అనే మాటలో వేర్వేరు రోగాలుంటాయి. వాటిని విడదీయడానికి అరగంట చాలు. ఒక ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు తగిలించి స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత అదే ల్యాప్‌టాప్‌తో ఫిర్యాదు వచ్చిన టేబుల్ దగ్గర వైఫై మీద చేయండి. కేబుల్ మీద బాగుండి వైఫై మీద పడిపోతే దోషం లోపల ఉంది. రెండుచోట్లా చెడ్డగా ఉంటే లైనుదో, రౌటర్‌దో. సర్వీసు ఇచ్చేవాళ్లకు ఫోన్ చేసేటప్పుడు కేబుల్ మీద వచ్చిన అంకె చెప్పండి, వైఫై అంకె చెబితే వాళ్లు వినరు.

ఇంకో పరీక్ష: కమాండ్ ప్రాంప్ట్‌లో రౌటర్ అడ్రస్‌కు వందసార్లు పింగ్ (చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే కమాండ్) ఇవ్వండి. కేబుల్ మీద 1 మిల్లీసెకను, వైఫై మీద పదిలోపు రావాలి. మధ్యమధ్యలో 200, 300కు ఎగిరితే వీడియో కాల్ ఎందుకు తడబడుతోందో తెలిసినట్టే.

కేబుల్ మీద స్పీడ్ ఎంత గొప్ప ప్లాన్ తీసుకున్నా 94, 95 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంటే ప్లాన్‌ను తిట్టకండి. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ పనిచేయాలి. కొసన ఒక్క తీగ సరిగా నొక్కుకోకపోయినా రెండు వైపులా సర్దుకుని 100 ఎంబీపీఎస్‌కు దిగిపోతాయి, ఎక్కడా తప్పు చూపించవు. విండోస్‌లో ఈథర్‌నెట్ వివరాల్లో లింక్ స్పీడ్ 100/100 అని కనిపిస్తుంది. కేబుల్ మార్చి చూడండి. అప్పుడూ మారకపోతే మధ్యలో ఎక్కడో పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఒకటి కూర్చుని ఉంటుంది. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, కాబట్టి గోడల్లో మంచి కేబుల్ ఉంటే దాన్ని పీకి కొత్తది వేయక్కర్లేదు.

వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 1, 6, 11 ఛానళ్లే ఒకదాని మీద ఒకటి పడవు. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్‌తో చూసి వాటిలో రద్దీ తక్కువున్నది పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు కట్టేయండి. దగ్గరివాళ్లకు 5 గిగాహెర్ట్జ్. కదలని మెషీన్లన్నీ, అంటే బిల్లింగ్, ప్రింటర్, సర్వర్, కేబుల్ మీదే ఉండాలి. దూరపు గదికి రిపీటర్ కంటే కేబుల్ లాగి యాక్సెస్ పాయింట్ (కేబుల్ మీద వచ్చే నెట్‌ను వైఫైగా పంచే పెట్టె) పెట్టడం మేలు. చాలా రిపీటర్లు ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేస్తాయి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది.

ఆ దూరపు గదిలో పాత రౌటర్‌నే పెడుతుంటే దాన్ని తప్పనిసరిగా యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి. మార్చకపోతే రెండు రౌటర్లు రెండు రకాల అడ్రస్‌లు పంచుతాయి. కొందరికి ప్రింటర్ కనబడుతుంది, కొందరికి కనబడదు, రేపు అటుఇటు అవుతుంది. రోజుల తరబడి బుర్ర తినే సమస్య ఇది.

ప్రింటర్ గురించి ఇంకొక్క మాట. ప్రింటర్ ఆన్‌లోనే ఉన్నా కంప్యూటర్‌లో 'ఆఫ్‌లైన్' అని చూపించడానికి పెద్ద కారణం, కరెంటు పోయి వచ్చాక రౌటర్ దానికి కొత్త అడ్రస్ ఇవ్వడం. రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లోకి వెళ్లి ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కు (మెషీన్‌తో పాటే వచ్చే గుర్తింపు నంబరు) ఒక అడ్రస్ శాశ్వతంగా కట్టండి, కంప్యూటర్లలో ప్రింటర్‌ను ఆ అడ్రస్‌తో మళ్లీ చేర్చండి. పది నిమిషాల పని. ఫిర్యాదుల కాగితాల్లో ఒక వరుస మొత్తం మాయమవుతుంది.

లేచేముందు రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, డబ్ల్యూపీఎస్ (బటన్ లేదా పిన్‌తో వైఫైకి కలిపే సదుపాయం) ఆపండి, వచ్చేపోయేవాళ్లకు వేరే గెస్ట్ నెట్‌వర్క్ పెట్టండి. ఇంటి నుంచి పని కోసం ఎవరైనా రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్ వాడే సదుపాయం) పోర్టు 3389ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఆ క్షణమే మూయండి. అవసరమైతే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు భద్రమైన దారి) పెట్టుకోవచ్చు.

5. ఖాతాలు, పాస్‌వర్డ్‌లు, ఈమెయిల్

రెండంచెల ధ్రువీకరణను (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఈమెయిల్‌తో మొదలుపెట్టండి, బ్యాంకుతో కాదు. మిగతా ఖాతాలన్నిటి పాస్‌వర్డ్ రీసెట్ లింకులు వచ్చేది ఈమెయిల్‌కే. ఎస్ఎంఎస్ కంటే, ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ మంచిది. ఈ ధ్రువీకరణ ఆన్ చేసినప్పుడు వచ్చే బ్యాకప్ కోడ్‌లను ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. ఫోన్ పోయినప్పుడు అవే దిక్కు. ప్రతి ముఖ్యమైన ఖాతాకు ఇద్దరు అడ్మిన్‌లు ఉండాలి.

పాస్‌వర్డ్‌ల షీట్ తీసేసి అందరికీ ఒక పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లను భద్రంగా దాచే ప్రోగ్రామ్) ఇవ్వండి. ప్రతి మూడు నెలలకూ పాస్‌వర్డ్ మార్చాలనే నియమం ఉంటే ఎత్తేయండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 నుంచే దాన్ని వద్దంటోంది. బలవంతంగా మార్పిస్తే జనం చివరి అంకె ఒకటి పెంచి ఊరుకుంటారు.

డొమైన్ పేరు (మీ వెబ్‌సైట్, ఈమెయిల్ నడిచే పేరు) ఎవరి ఖాతాలో ఉందో ఇవాళే చూడండి. ఎప్పుడో మానేసిన ఉద్యోగి వ్యక్తిగత ఈమెయిల్ మీదో, వెబ్‌సైట్ చేసినవాళ్ల ఖాతాలోనో ఉంటే సంస్థ పేరు మీదికి మార్పించి, ఆటో రెన్యువల్ పెట్టండి.

మీ మెయిళ్లు కస్టమర్ల స్పామ్‌లోకి పోతుంటే డీఎన్ఎస్‌లో (డొమైన్ వివరాల పట్టిక) మూడు రికార్డులు చూడాలి: ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పేది), డీకిమ్ (మెయిల్‌కు డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది). ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. కొత్త సర్వీసు చేర్చినప్పుడు రెండో రికార్డు పెడితే రెండూ చెల్లవు, ఉన్నదాంట్లోనే కలపాలి. అందులో డీఎన్ఎస్ వెతుకులాటలు పది దాటకూడదు. డీమార్క్‌ను ఏ మెయిల్‌నూ ఆపని 'నన్' విధానంతో మొదలుపెట్టి, రిపోర్టుల్లో మీ బిల్లింగ్, న్యూస్‌లెటర్ మెయిళ్లు అన్నీ పాస్ అవుతున్నాయని నిర్ధారించుకున్నాక, తప్పినవాటిని స్పామ్‌లోకి పంపే 'క్వారంటైన్'కు వెళ్లండి. తొందరపడి మొదటి రోజే 'రిజెక్ట్' పెడితే మీ బిల్లులే ఆగిపోతాయి.

6. ఒక్క పనిని ఎంచుకుని బాగుచేయండి

ఇప్పుడు, అంటే నేల గట్టిపడ్డాక, పని విధానం జోలికి వెళ్లాలి. ఒకే ఒక్క పనిని ఎంచుకోండి. అది రోజూ జరిగేదై ఉండాలి, నియమాలు మారనిదై ఉండాలి, అదే సమాచారాన్ని రెండుసార్లు టైప్ చేయించేదై ఉండాలి. సాధారణంగా అది ఆర్డర్లు తీసుకోవడమే. ఫోన్‌లో విన్నది నోట్‌బుక్‌లోకి, అక్కడి నుంచి షీట్‌లోకి, మళ్లీ బిల్లులోకి.

దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఆన్‌లైన్ ఫారం ఒకటి, దాని వెనుక షీట్ ఒకటి చాలు. ఆర్డరు తీసుకునే మనిషి నేరుగా ఫారంలోనే నింపాలి. షీట్ కట్టేటప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోండి:

- ఒక వరుసకు ఒక ఆర్డరు వస్తువు. గడులు కలపొద్దు, రంగులతో అర్థాలు చెప్పొద్దు. 'స్థితి' అనే కాలమ్ పెట్టండి.
- వస్తువు పేరు డ్రాప్‌డౌన్ నుంచే ఎంచుకోవాలి. చేత్తో రాస్తే ఒకే వస్తువు నాలుగు స్పెల్లింగ్‌లతో వస్తుంది, మొత్తాలు తప్పుతాయి.
- ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్ల కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే ఎక్సెల్ ముందున్న సున్నాలు మింగేస్తుంది, 15 అంకెలు దాటిన నంబర్లో మిగిలినవాటిని సున్నాలు చేస్తుంది. సేవ్ చేశాక తిరిగి రావు.
- తేదీలు 2026-03-04 తరహాలో రాయండి. 3/4 అంటే ఒక కంప్యూటర్ మార్చి అంటుంది, ఇంకోటి ఏప్రిల్ అంటుంది.
- సీఎస్‌వీ ఫైల్‌ను (కామాలతో విడదీసిన సాదా పట్టిక) రెండుసార్లు నొక్కి తెరవొద్దు. ఎక్సెల్ డేటా మెనూ నుంచి యూటీఎఫ్-8 ఎంచుకుని దిగుమతి చేస్తే తెలుగు అక్షరాలు చెదరవు.

షీట్‌కూ ఒక హద్దుంది. పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్ 65,536 వరుసల దగ్గర ఆగిపోతుంది, కొత్తది 10,48,576 దాకా వెళుతుంది. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోవడానికి ఆ పాత ఫార్మాటే కారణమని తేలింది. వరుసలు నిండకముందే మరో సూచన కనిపిస్తుంది: ఇద్దరు ఒకేసారి ఒకే సరుకును అమ్మేయడం. ఆ రోజు షీట్ వదిలి సాఫ్ట్‌వేర్‌కు వెళ్లాలి. కొనేముందు ట్రయల్‌లో మీ సొంత రికార్డులు యాభై ఎక్కించండి, కంపెనీ చూపించే నమూనాలు కాదు. ఒక తిరిగొచ్చిన సరుకు, ఒక సగం చెల్లింపు, ఒక రద్దయిన ఆర్డరు తప్పకుండా ఉండాలి. తర్వాత మొత్తం డేటాను బయటికి తీసి చూడండి. బయటికి తీయనివ్వని సాఫ్ట్‌వేర్‌ను, ఎంత చవకైనా, ఎంత అందంగా ఉన్నా, తీసుకోకండి.

7. అందరి చేతా వాడించడం

ముందు ఒకరితో మొదలుపెట్టండి. టెక్నాలజీ ఇష్టపడే కుర్రాణ్ని కాదు, రోజూ ఎక్కువ ఆర్డర్లు తీసుకునే, కొత్తదంటే విసుక్కునే మనిషిని ఎంచుకోండి. ఆమె విసుగు పడే ప్రతి చోటా నిజమైన లోపం ఉంటుంది. మూడు రోజుల్లో ఫారంలో పనికిరాని గడులు ఏవో ఆమే చెబుతుంది, వాటిని తీసేయండి. తర్వాత అందరికీ స్క్రీన్ బొమ్మలతో ఒకే పేజీ సూచనలు ఇవ్వండి.

పాత పద్ధతి, కొత్త పద్ధతి పక్కపక్కన నడిచే కాలం రెండు వారాలు మించకూడదు. మించితే రెండుచోట్లా రాయడమే కొత్త అలవాటై పని రెట్టింపవుతుంది. ఆగే తేదీ ముందే ప్రకటించి, ఆ రోజు సాయంత్రం పాత ఫైల్‌ను చదవడానికి మాత్రమే ఉండేలా మార్చండి, చెరపొద్దు.

నెల చివర మళ్లీ అయిదు రోజులు అదే కాగితం, అవే మూడు ముక్కలు. మొదటి వారం అంకె పక్కన కొత్తది రాయండి. తగ్గని వరుస ఏదైనా ఉంటే దాన్ని రాసినవాళ్ల పక్కన ఒక పూట కూర్చుని చూడండి. కాగితం మీద "సిస్టమ్ స్లో" అని ఉన్నచోట, అసలు ఆగుతున్నది వేరొకరి అనుమతి కోసమని తేలవచ్చు. అది ఎస్ఎస్‌డీతో తీరదు. ఎంత మొత్తం దాకా అడగకుండా చేయవచ్చో యజమాని ఒక హద్దు రాసి ఇవ్వాలి.